రేసు గుర్రంలో వాటా: నలుగురి భాగస్వామ్యమా, సిండికేటా, లీజా?

రేసు గుర్రంలో వాటా అమ్మేవాళ్లు మొదట చెప్పేది వాటా ధర. 'యాభై వేలు పెట్టండి, మీరూ ఓనరే' అంటారు. ఆ యాభై వేలు ఒక్కసారి పెడితే అయిపోతుంది. నెలనెలా వచ్చే స్టేబుల్ (గుర్రాల శాల) బిల్లు అలా అయిపోదు. గుర్రం గెలిచినా, కాలు వాచి నిలబడినా, అసలు పందేలే ఆగిపోయినా బిల్లు మాత్రం ఆగదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. కాబట్టి ఏ దారిలో దిగాలన్నది వాటా ధర చూసి తేల్చకండి. బిల్లు ఎవరి మీద పడుతుంది, ఒకరు కట్టకపోతే ఎవరు మోస్తారు, గుర్రం గురించి ఆఖరి మాట ఎవరిది అన్నవి చూసి తేల్చుకోండి.

కర్నూలు, కడప పల్లెల్లో బండలాగుడు పోటీలకు ఎద్దుల్ని మేపే ఇళ్లవాళ్లకు పోషణ ఖర్చంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ ఎద్దు మన కొట్టంలో ఉంటుంది. పొద్దున లేవగానే చూసుకుంటాం, ఉలవలు ఉడకబెట్టి పెడతాం, మేత ముట్టకపోతే ఆ పూటే తెలిసిపోతుంది. రేసు గుర్రం లైసెన్సున్న ట్రైనర్ చేతి కింద, క్లబ్బు ఒప్పుకున్న స్టేబుల్లో ఉండాలి. మనకు పొలం, బోరు, మనుషులు అన్నీ ఉన్నా దాన్ని ఇంటి దగ్గర కట్టేసుకుని పందేనికి తోలుకుపోవడం కుదరదు. దాణా, లాడాలు, డాక్టరు, సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) జీతం అన్నీ అక్కడ ఎవరో చూస్తారు, మనం ఇక్కడ కూర్చుని కడతాం. ఓనర్ల మధ్య వచ్చే తగవుల్లో సగం ఈ దూరం వల్ల వచ్చేవే.

ముందు మైదానం తేల్చుకోండి

ఆంధ్రప్రదేశ్‌లో రేస్‌కోర్సు లేదు. కర్నూలు వాళ్లకు మలక్‌పేటలోని హైదరాబాద్ రేస్ క్లబ్ దగ్గర, అనంతపురం వాళ్లకు బెంగళూరు టర్ఫ్ క్లబ్ దగ్గర. రెండు ఊళ్ల నుంచీ 44వ జాతీయ రహదారి మీద ఇంచుమించు 210-220 కిలోమీటర్లు. కడప వాళ్లది మధ్యస్థం: బెంగళూరుకైనా చెన్నైకైనా సుమారు 260, హైదరాబాద్‌కైతే 400 దాటుతుంది.

గుర్రాలకు కసరత్తు తెల్లవారుజామున మొదలై ఎండ ముదరకముందే అయిపోతుంది. గుర్రాన్ని నిజంగా చూడాలంటే ఆ వేళకు అక్కడ ఉండాలి. పందెం రోజు ప్యాడాక్‌లో (పందేనికి ముందు గుర్రాల్ని నడిపించి చూపే చోటు) చూసేది అలంకరించిన గుర్రాన్ని. పొద్దున స్టేబుల్లో చూస్తే వేరే సంగతులు తెలుస్తాయి. రాత్రి వేసిన దాణా తొట్టి అడుగుదాకా ఖాళీ అయిందా, ఓట్స్ మిగిలాయా? ముందు కాళ్లకు మోకాలి కింద వెనకవైపు టెండన్ (కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు) వెంబడి అరచేతితో నిమిరితే రెండు కాళ్లూ ఒకే చల్లదనంతో ఉన్నాయా, ఒకటి వెచ్చగా తగులుతోందా? ఒక కాలు వెచ్చగా ఉండి, పక్కదానికంటే కాస్త ఉబ్బుగా ఉంటే వచ్చే వారం పందెం మరిచిపోవచ్చు. ఇది నెలకోసారైనా చూడగలిగే దూరంలో గుర్రాన్ని పెట్టుకోండి. ముంబై, పుణె పందేల్లో స్టేక్ మనీ (పందెంలో వచ్చే బహుమతి డబ్బు) పెద్దదే కావచ్చు, కానీ ధర్మవరంలో కూర్చున్న కొత్త ఓనరుకు అక్కడి గుర్రం ఫోన్‌లో ఫొటోగానే మిగులుతుంది.

మైదానం విషయంలో ఇంకో లెక్క కూడా ఉంది. 2020 మార్చిలో కరోనాతో దేశమంతా పందేలు నెలల తరబడి ఆగాయి. 2024లో బెంగళూరులో లైసెన్సు తగవు హైకోర్టుకెక్కి పందేలు కొన్నాళ్లు నిలిచిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో చెన్నై గిండీ మైదానం లీజును తమిళనాడు ప్రభుత్వం రద్దు చేసింది. తప్పు ఎవరిదన్నది అలా ఉంచండి. ఆ నెలల్లో కూడా గుర్రాలు తిన్నాయి, సైసులకు జీతాలు పడ్డాయి, ఓనర్లకు బిల్లులు వచ్చాయి. ఆదాయం ఒక్క రూపాయి రాకపోయినా ఆరు నెలల బిల్లు కట్టేంత డబ్బు పక్కన ఉన్నవాళ్లే ఇందులో దిగాలి. గిండీ సంగతి తేలేదాకా కడప వాళ్లు కొత్తగా దిగేటప్పుడు బెంగళూరు వైపు చూడటం మేలు.

నలుగురైదుగురు కలిసి కొంటే

ఒక్కరే గుర్రం కొనడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మాట మీది, బిల్లూ మీదే. మొదటి గుర్రానికి ఆ దారి వద్దు.

తెలిసినవాళ్లు నలుగురైదుగురు కలిసి కొని, అందరి పేర్లూ వాటా శాతాలతో క్లబ్బులో నమోదు చేయించుకోవడం భాగస్వామ్యం. అందరూ ఓనర్లుగా క్లబ్బు ఆమోదం పొందాలి. ఎంతమంది వరకు పేర్లు రాయించవచ్చు, ఒక్కొక్కరికి కనీస వాటా ఎంత ఉండాలి అన్నది క్లబ్బు క్లబ్బుకూ తేడా. ఫారం తెచ్చుకున్నప్పుడే అడగండి.

డబ్బు ఎలా నడుస్తుందో చూడటానికి కొన్ని అంకెలు అనుకుందాం. మీ ట్రైనర్ చెప్పిన రేట్లు తెచ్చుకున్నాక వీటి స్థానంలో అవి వేసుకోండి. గుర్రం పిల్ల ధర 10 లక్షలు. స్టేబుల్ బిల్లు నెలకు 50,000. డాక్టరు, లాడాలు, రవాణా, ఎంట్రీ ఫీజులు కలిపి ఏడాదికి లక్ష. పిల్లను మచ్చిక చేసి, జీను అలవాటు చేసి, స్టార్టింగ్ గేటు నేర్పి మొదటి పందేనికి తేవడానికి ఏడాది పట్టిందనుకుంటే, అప్పటికి 10 ప్లస్ 6 ప్లస్ 1, మొత్తం 17 లక్షలు ఖర్చయి ఉంటుంది. ఐదుగురైతే తలా 3 లక్షల 40 వేలు. గుర్రం ఇంకా ఒక్క అడుగు పందెంలో వేయలేదు.

తరువాతి ఏడాది ఖర్చు 7 లక్షలు, మీ వంతు 1,40,000. గుర్రం ఒక పందెం గెలిచి, రెండు మూడుసార్లు రెండో మూడో స్థానంలో వచ్చి 4 లక్షల స్టేక్ మనీ తెచ్చిందనుకుందాం. ట్రైనర్, జాకీ తదితరుల శాతాలు కలిపి ఐదో వంతు పోతే 3,20,000 మిగులుతుంది, మీ వంతు 64,000. అంటే గుర్రం బాగానే పరిగెత్తిన ఏడాది కూడా మీ జేబులోంచి 76,000 పోయింది. ఇది చూసి బెదరక్కర్లేదు, మోసపోయామనుకోవాల్సిన పని కూడా లేదు. సరదా ఖర్చుగా దిగినవాళ్లకు ఇది మంచి ఏడాదే. పెట్టుబడిగా దిగినవాళ్లకే దెబ్బ. పది గుర్రాలు పరిగెత్తే పందెంలో తొమ్మిది ఓడతాయి, ఆ తొమ్మిదింటికీ దాణా ఒకటే.

భాగస్వామ్యం చెడేది గుర్రం ఓడినప్పుడు కాదు, ఒకరు కట్టడం మానేసినప్పుడు. పై లెక్కలో ఒకరు జారుకుంటే మిగతా నలుగురికి నెలకు 10,000 బదులు 12,500 పడుతుంది. ఇద్దరు జారుకుంటే 16,667. 'నా వంతు నేను కట్టేశాను' అంటే ట్రైనర్ వినడు, వినక్కర్లేదు కూడా. 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద ఒక్కో భాగస్వామి మొత్తం బాకీకి బాధ్యుడే. బాకీలు తీరకపోతే గుర్రాన్ని పందేనికి దించనివ్వకపోవచ్చు, క్లబ్బు ఎగవేతదారుల జాబితాలో పేరు పడితే మిగతా క్లబ్బుల్లోనూ తలుపులు మూసుకుంటాయి. గుర్రం ఉంది, ఫామ్‌లో ఉంది, బాకీ వల్ల స్టేబుల్లో నిలబడి ఉంది: ఇంతకంటే కడుపుమంట ఇంకోటి ఉండదు.

కాబట్టి చిన్ననాటి స్నేహితులైనా సరే, వియ్యంకులైనా సరే, ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకోవాలి. అందులో ముఖ్యమైన మాట ఇది: రెండు నెలలు కట్టకపోతే నోటీసు, మూడో నెలా దాటితే ఆ వాటా మిగతావాళ్లకు ముందే అనుకున్న పద్ధతిలో ధర కట్టి మారుతుంది. 'అప్పటికి చూసుకుందాం' అన్న ధర ఎప్పటికీ తేలదు. ఇంకా, మూడు నెలల బిల్లుకు సరిపడా డబ్బు ఉమ్మడి ఖాతాలో ముందే జమచేసి ఉంచుకోండి. ఎవరైనా ఆలస్యం చేసినా ట్రైనర్ దగ్గర మాట పోదు, మీలో మీకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

సిండికేట్

సిండికేట్‌లో ఒక మేనేజరు ఉంటాడు. గుర్రాన్ని ఎంచేదీ, ట్రైనర్‌తో మాట్లాడేదీ, లెక్కలు రాసేదీ అతనే. సభ్యులకు చిన్న వాటాలు, 5 శాతమో 10 శాతమో. కొత్తవాళ్లకు ఇందులో ఉన్న సుఖం నిజమైనదే: మనకు తెలియని పనులు తెలిసినవాడు చేస్తాడు, ఒకే గుర్రం మీద అంతా పెట్టకుండా రెండు మూడు గుర్రాల్లో చిన్న వాటాలు తీసుకోవచ్చు. ఒకదాని కాలు పోయినా ఇంకోటి పరిగెత్తుతుంది.

ఆ సుఖానికి ధర ఎంతన్నది మాత్రం మీరే లెక్కేసుకోవాలి. గుర్రాన్ని 10 లక్షలకు కొని, 20 వాటాలు చేసి, వాటా 75,000 చొప్పున అమ్మితే వసూలయ్యేది 15 లక్షలు. ఆ పై 5 లక్షల్లో మొదటి ఏడాది పోషణ కలిసి ఉంటే అది మంచి బేరం. కలిసి లేకపోతే మీరు గుర్రానికి ఒకటిన్నర రెట్లు కట్టినట్టు. అడగాల్సిన ప్రశ్న సూటిది: 'కొన్న బిల్లు చూపిస్తారా?' చూపించడానికి నసిగే మేనేజరు దగ్గర వాటా తీసుకోకండి. లాభం వేసుకోవడం తప్పు కాదు, దాచడం తప్పు.

సిండికేట్లు రెండు రకాలు. ఒకదానిలో అంతా కలిపి ఒకే ధర కట్టాలి. ఒక సీజనుకో పద్దెనిమిది నెలలకో ఇక బిల్లులుండవు. రెండోదానిలో వాటా ధర తక్కువ, నెలనెలా కట్టాలి. మొదటిది జీతగాళ్లకు నయం. అనంతపురంలో ఉద్యోగం చేసుకునేవాళ్లకు మొత్తం ఎంత పోతుందో ముందే తెలుస్తుంది. అయితే గుర్రానికి నాలుగో నెల్లోనే టెండన్ తెగితే మిగిలిన నెలల డబ్బు ఏమవుతుంది? వెనక్కి ఇస్తారా, వేరే గుర్రానికి మళ్లిస్తారా, మేనేజరుకే మిగులుతుందా? కాగితంలో ఈ సంగతి లేకపోతే జవాబు మూడోదే అనుకోండి. రెండో రకంలో 5 శాతం వాటాకు నెలకు 2,500 అని చెబుతారు, దాని మీద నిర్వహణ ఫీజు, బీమా, ఊరు మారిస్తే రవాణా వేరే వస్తాయి. నెలకు ఎంత దాటకూడదో పైహద్దు రాయించుకోండి.

మాట ఎవరిదన్నది సిండికేట్‌లో బలహీనంగా ఉంటుంది. జాకీ ఎవరు, ఏ దూరం, ఏ పందెం అన్నవి సభ్యుల ఓటుకు వదిలేస్తే గుర్రం నడవదు, అవి ట్రైనర్‌కు, మేనేజరుకు వదిలేయడమే సరైనది. మూడింటికి మాత్రం సభ్యుల మెజారిటీ కావాలని పట్టుబట్టండి: గుర్రాన్ని అమ్మడం, ట్రైనర్‌ను మార్చడం, పందేల నుంచి విరమింపజేయడం. ముఖ్యంగా అమ్మకం. బాగా పరిగెత్తుతున్న గుర్రాన్ని మేనేజరు తన మనిషికే తక్కువకు అమ్మితే మిగతావాళ్లు చేయగలిగింది పెద్దగా ఉండదు.

చట్టం వైపు నుంచి కూడా చూసుకోవాలి. లాభం కోసం నడిచే గుంపులో 50 మంది దాటితే కంపెనీగా నమోదు కావాలి, వాట్సాప్ గ్రూపులో వంద మందికి వాటాలు అమ్మేసే పద్ధతి చెల్లదు. 'నెలకు ఇంత శాతం గ్యారంటీ' అని ఎవరైనా అంటే అది గుర్రం వాటా కానే కాదు, అనుమతి లేని డిపాజిట్ పథకం. 2019లో వచ్చిన చట్టం దాన్ని నిషేధించింది. గుర్రం గెలుస్తుందని ట్రైనరే గ్యారంటీ ఇవ్వలేడు, మధ్యవాడు ఎక్కడినుంచి ఇస్తాడు?

ఇంకో చిన్న సంగతి, చిన్నదే కానీ మనసు నొప్పించేది. పందెం రోజు ఓనర్లకు ఇచ్చే పాసులు పరిమితం. ఇరవై మంది సిండికేట్ ప్యాడాక్ లోపలికి ఇరవై మందీ వెళ్లలేరు. గెలిచిన గుర్రం పక్కన నిలబడి ఫొటో దిగేది ఎవరు, కప్పు ఎవరింటికి అన్నది ముందే అనుకోండి. వంతులు పెట్టుకున్న సిండికేట్లు హాయిగా ఉంటాయి.

లీజు

కొత్తవాళ్లు తక్కువగా వినేది, మా లెక్కలో వాళ్లకు బాగా కుదిరేది ఇదే. స్టడ్ ఫామ్ (గుర్రాల్ని పుట్టించి పెంచే చోటు) వాళ్లకు మంచి పుట్టుకున్న ఫిల్లీ (చిన్న వయసు ఆడ గుర్రం) ఉంటుంది. రేపు దాన్ని పిల్లలకు వాడుకోవాలి, కాబట్టి అమ్మరు; పందేల్లో పేరొస్తే దాని పిల్లల ధర పెరుగుతుంది, కాబట్టి పరిగెత్తించాలి. ఆ పోషణ ఖర్చు మోసేవాళ్లు వాళ్లకు కావాలి. మీరు గుర్రం ధర కట్టరు, నెల బిల్లు కడతారు. స్టేక్ మనీలో ఒప్పుకున్న భాగం ఫామ్‌కు, మిగతాది మీకు. గుర్రం మీ పేరున, మీ రంగుల్లో (జాకీ వేసుకునే మీ గుర్తు చొక్కా) పరిగెత్తుతుంది. గడువు తీరాక ఫామ్‌కు తిరిగి వెళ్తుంది.

పై అంకెలతోనే చూస్తే, ఐదుగురు కలిసి ఫిల్లీని లీజుకు తీసుకుంటే మొదట పెట్టాల్సిన 10 లక్షలు ఉండవు. ఇప్పటికే శిక్షణలో ఉన్నదైతే ఏడాదికి తలా 1,40,000తో మొత్తం వ్యవహారం తెలిసొస్తుంది: బిల్లు ఎలా వస్తుంది, ట్రైనర్ ఎలా మాట్లాడతాడు, మీ ఐదుగురిలో ఎవరు నెల మొదటి తారీఖున కడతారు, ఎవరు ఇరవయ్యో తారీఖు దాకా లాగుతారు. గడువు తీరాక అమ్ముకునే బాధ, రిటైరైన గుర్రాన్ని ఏం చేయాలన్న బాధ లేవు.

లోటు కూడా తెలిసిందే. ఫిల్లీ పెద్ద పందెం గెలిచి కోటి రూపాయలదైనా అది మీది కాదు. గడువు మధ్యలో గాయపడితే బిల్లు ఎవరిది, ఫామ్ మధ్యలో వెనక్కి పిలవవచ్చా, చావు జరిగితే బాధ్యత ఎవరిది అన్న మూడు మాటలు లీజు కాగితంలో ఉండాలి. ఆ లీజు క్లబ్బులో నమోదు కావాలి. నమోదు కాని లీజు మీద గుర్రాన్ని మీ పేరున దించలేరు.

రేసింగ్ క్లబ్బులు, ఆన్‌లైన్ చిటికెడు వాటాలు

బ్రిటన్‌లో ఏడాది చందా కట్టి రేసింగ్ క్లబ్బులో చేరే పద్ధతి ఉంది. అక్కడ సభ్యుడికి గుర్రంలో వాటా ఉండదు, గుర్రం క్లబ్బుదే. సభ్యుడికి స్టేబుల్ చూసే అవకాశం, కబుర్లు, లాటరీలో పాసులు. ఆస్ట్రేలియాలో వాటాలు అమ్మేవాళ్లకు లైసెన్సు ఉండాలి, ఖర్చులన్నీ రాసిన ప్రకటన పత్రం ముందే ఇవ్వాలి. మన దగ్గర ఇలాంటి పేరుతో ఎవరైనా వస్తే ఒకటే అడగండి: స్టడ్ బుక్‌లోనో (గుర్రాల పుట్టుక వివరాల పుస్తకం), రేస్ క్లబ్బు రిజిస్టర్‌లోనో నా పేరు ఉంటుందా? ఉండదంటే మీరు కొంటున్నది చందా, వాటా కాదు. చందా ధరకే కొనండి.

ఏ వయసు గుర్రం

మన దేశంలో గుర్రాల వయసు పుట్టినరోజుతో కాకుండా జనవరి 1తో పెరుగుతుంది. ఏప్రిల్‌లో పుట్టిన పిల్లకు జనవరిలో పుట్టినదానితో సమానంగా వయసు లెక్క. అందుకే ఆలస్యంగా పుట్టిన రెండేళ్ల పిల్ల తోటివాటి ముందు చిన్నగా కనిపిస్తుంది. అది లోపం కాదు, కానీ మీ మొదటి పందెం ఇంకొన్ని నెలలు వెనక్కి జరుగుతుంది, బిల్లు జరగదు.

పరిగెత్తని పిల్లలో ఆశ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. ఎముక గట్టిపడకముందే వేగంగా పరిగెత్తిస్తే ముందు కాలికి మోకాలి కింది ఎముక వాచి నొప్పి పుడుతుంది. కొన్ని వారాల విశ్రాంతితో తగ్గేదే, కానీ రెండేళ్ల వాటిలో తరచూ వస్తుంది. టెండన్ దెబ్బ అలా కాదు, ఆరు నెలల నుంచి ఏడాది పైనే, తిరిగి వచ్చినా పాత వేగం వస్తుందన్న నమ్మకం లేదు. పరిగెత్తాక ముక్కు నుంచి రక్తం వచ్చే గుర్రాన్ని మొదటిసారి కొంతకాలం ఆపుతారు, మళ్లీ మళ్లీ వస్తే పందేల నుంచి శాశ్వతంగా తప్పిస్తారు.

నాలుగైదేళ్ల వయసుండి, ఇప్పటికే పరిగెత్తుతున్న గుర్రం చౌకగా దొరుకుతుంది. ఏం చేయగలదో పాత పందేల రికార్డులో కళ్లముందే ఉంటుంది. రేటింగు (గుర్రం సత్తాకు క్లబ్బు ఇచ్చే అంకె) 25 లోపు ఉన్న గుర్రం ఉన్నపళాన డెర్బీ లాంటి పెద్ద పందెం గెలవదు, కానీ వచ్చే నెలే పందెం చూపిస్తుంది. హ్యాండీక్యాప్ పందేల్లో (సత్తా ఎక్కువున్న గుర్రం మీద ఎక్కువ బరువు పెట్టేవి) రేటింగు ఒక పాయింటుకు అరకిలో బరువు; వరసగా ఓడుతున్న గుర్రానికి రేటింగు తగ్గి, బరువు తగ్గి, కింది తరగతిలో గెలిచే సందు దొరుకుతుంది. కొన్నప్పుడు చూడాల్సింది అదే: ఎంత కిందికి దిగింది, ఎందుకు దిగింది? వయసుతోనా, కాలి నొప్పితోనా? కొనేముందు మీ తరఫు డాక్టరుతో మోకాళ్లకు, గిట్టపై కీళ్లకు ఎక్స్‌రే, టెండన్లకు స్కానింగ్, గొంతుకు ఎండోస్కోపీ చేయించండి. అమ్మేవాడి డాక్టరు రిపోర్టు చదవండి, నమ్మకండి.

పన్ను, బయటి డబ్బు

బెట్టింగులో గెలిచిన డబ్బు మీద 30 శాతం పన్ను. ఓనరుగా వచ్చే స్టేక్ మనీ దాని కిందికి రాదు, మీ మామూలు స్లాబు ప్రకారమే. నష్టం సంగతే మెలిక. గుర్రాల పోషణలో వచ్చిన నష్టాన్ని జీతం మీదో, వ్యాపారం మీదో, పొలం మీదో తగ్గించుకోలేరు. గుర్రాల ఆదాయంతోనే సరిపెట్టుకోవాలి, మిగిలితే నాలుగేళ్ల వరకు ముందుకు తీసుకుపోవచ్చు. 1961 చట్టంలో ఇది 74ఎ సెక్షను; 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టంలో నంబరు వేరు, ఆడిటరును అడగండి. రిటర్ను గడువులోపు వేయకపోతే ఆ ముందుకు తీసుకుపోయే హక్కూ పోతుంది. కాబట్టి 'గుర్రం కొంటే పన్ను తగ్గుతుంది' అని చెప్పేవాళ్ల మాట పక్కన పెట్టండి.

కడప జిల్లాలో ఇంటికొకరు కువైట్‌లోనో అమెరికాలోనో ఉంటారు. తమ్ముడినో బావమరిదినో భాగస్వామిగా చేర్చుకునేముందు ఒకటి తెలుసుకోండి: విదేశీ మారక నిబంధనల ప్రకారం రేసుల ద్వారా ఇక్కడ వచ్చిన ఆదాయాన్ని బయటి దేశానికి పంపడం నిషేధం. అతని వంతు ఇక్కడి ఖాతాలోనే ఉండాలి. మొదటి స్టేక్ మనీ వచ్చాక ఈ మాట చెబితే ఇంట్లో గొడవ.

ఎవరికి ఏది, ఏ వరసలో

నెలకు రెండు మూడు వేలు మించి పెట్టలేనివాళ్లు, ఊరు కదల్లేనివాళ్లు సిండికేట్‌లో 5 శాతం తీసుకోండి, అంతా కలిపి ఒకే ధర ఉన్న రకం. నెలకు పన్నెండు వేలు పక్కన పెట్టగలిగి, కలిసి కారెక్కి మైదానానికి వెళ్లే నలుగురైదుగురు ఉన్నవాళ్లు ఒక సీజను ఫిల్లీ లీజు తీసుకోండి. అది సాఫీగా నడిస్తే, అదే గుంపుతో పరిగెత్తుతున్న గుర్రం కొనండి. పిల్లను కొనడం మూడో మెట్టు.

వరస కూడా ముఖ్యమే, చాలామంది తలకిందులుగా చేస్తారు. ముందు మీ మైదానంలో ఇద్దరు ముగ్గురు ట్రైనర్లను పొద్దున స్టేబుల్లో కలవండి. నెల బిల్లులో ఏవి కలిసి ఉన్నాయి, ఏవి వేరు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. పందెం రోజు వేసే తేలికైన అల్యూమినియం లాడాలు బిల్లులో ఉన్నాయా లేవా అన్న చిన్న ప్రశ్నకు ఇచ్చే జవాబులోనే ట్రైనర్ లెక్కల పద్ధతి తెలిసిపోతుంది. తర్వాత ఒప్పందం రాసుకోండి. ఆ తర్వాత ఓనరు నమోదు దరఖాస్తు. పాన్, బ్యాంకు వివరాలు, పరిచయం చేసే పాత ఓనర్ల సంతకాలు అడుగుతారు, స్టీవర్డులు (క్లబ్బులో పందేలు నడిపే పెద్దలు) చూసి ఒప్పుకోవాలి. ఒకరి దరఖాస్తు తిరస్కరిస్తే మీ వాటాల లెక్కంతా మారుతుంది, కాబట్టి అందరి ఆమోదమూ వచ్చాకే గుర్రానికి అడ్వాన్సు ఇవ్వండి.

గుర్రం చూసినప్పుడు పాస్‌పోర్టులో (గుర్రం గుర్తింపు పుస్తకం) ఉన్న నంబరూ, మెడలోని మైక్రోచిప్ నంబరూ ఒకటేనా సరిచూడండి. పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ రికార్డుల్లో పుట్టుక వివరాలు ఉంటాయి. స్టాంపు కాగితం మీద అమ్మకం రాసుకుంటే సరిపోదు, యాజమాన్యం మారినట్టు క్లబ్బులో నమోదయ్యేదాకా స్టేక్ మనీ పాత ఓనరు ఖాతాకే పోతుంది.

పిల్లకు పేరు పెట్టే అవకాశం వస్తే ముందుగా రెండు మూడు రాసి ఉంచుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాళీతో కలిపి 18 దాటకూడదు. 'రాయలసీమ రత్నం' సరిగ్గా 18లో పడుతుంది. 'రాయలసీమ రాజసం' ఒక్క అక్షరం ఎక్కువై తిరిగొస్తుంది.